వృద్ధాశ్రమాన్ని ఎలా పరీక్షించాలి: చేర్చే ముందూ, చేర్చిన తర్వాతా

వృద్ధాశ్రమం చూడ్డానికి వెళ్తే ముందుగా కంటపడేవి ముందుగది సోఫాలు, గోడమీది ధ్రువపత్రాలు, కొత్త రంగులు. వాటితో తప్పేమీ లేదు. అయితే మీ అమ్మగారు అక్కడ రాత్రి రెండింటికి బాత్‌రూమ్‌కి లేచినప్పుడు ఆ ధ్రువపత్రం వచ్చి చెయ్యి పట్టుకోదు. ఆవిడకి ఆసరా అయ్యేవి గోడకున్న కడ్డీ, వెలుగుతున్న చిన్న దీపం, గంట నొక్కితే వచ్చే మనిషి. అందుకే ఇక్కడ చెప్పబోయే ప్రతి విషయానికీ పద్ధతి ఒకటే. "ఉందా?" అని అడగొద్దు, "చూపించండి" అనండి.

వెళ్లే ముందు ఇంట్లో చేయాల్సిన పని

ఒక కాగితం మీద పెద్దవారి పరిస్థితి రాయండి. తనంతట తాను మంచం మీంచి లేవగలరా, రాత్రి ఎన్నిసార్లు బాత్‌రూమ్‌కి వెళ్తారు, మింగడంలో ఇబ్బంది ఉందా, గత ఏడాదిలో ఎన్నిసార్లు పడ్డారు, ప్రస్తుత బరువు ఎంత, ఏ మందు ఏ వేళకి, జ్ఞాపకశక్తి ఎలా ఉంది. మంచి ఆశ్రమం ఈ ప్రశ్నలన్నీ తనే అడుగుతుంది, వీలైతే చేర్చుకునే ముందు మనిషిని స్వయంగా వచ్చి చూస్తుంది. ఏమీ అడగకుండా "మేం చూసుకుంటాం, తీసుకొచ్చేయండి" అన్నారంటే జాగ్రత్త పడండి. ఎవరికి ఏం అవసరమో తెలియకుండా ఎంతమంది సిబ్బంది కావాలో వాళ్లెలా లెక్కేస్తారు?

కనీసం రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి చెప్పి, పగటిపూట. రెండోసారి చెప్పకుండా, సాయంత్రం ఏడు దాటాక, లేదా సెలవురోజున. ఒక కొలత టేపు, వంటింట్లో వాడే థర్మామీటరు వెంట పెట్టుకోండి.

రాత్రి ఎంతమంది ఉంటారు?

అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇదే. మిగతా ప్రమాణాలన్నీ దీని మీదే నిలబడతాయి. "ఇరవైనాలుగు గంటలూ మనుషులుంటారు" అనే జవాబుతో సరిపెట్టుకోకండి. గడిచిన రెండు వారాల డ్యూటీ పట్టిక చూపించమనండి. పేర్లు రాసి, సెలవు పెట్టినవాళ్ల బదులు ఎవరొచ్చారో ఉన్న పట్టిక అయితే నమ్మొచ్చు. ఖాళీగా, అందంగా అచ్చేసిన పట్టిక అయితే అది చూపించడానికి తయారుచేసింది.

ఒక చిన్న లెక్క వేయండి. మంచాన ఉన్నవారు పదిమంది అనుకుందాం. ఒక్కొక్కరిని పక్కకి తిప్పి, తడి చూసి, గుడ్డలు సర్దడానికి ఇద్దరు మనుషులకి పది నిమిషాలు పడుతుంది. పదిమందికి వంద నిమిషాలు. రెండు గంటలకోసారి తిప్పాలంటే ఆ ఇద్దరికీ మిగిలేది ఇరవై నిమిషాలు. ఈలోగా మోగే గంటలు, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడం, ఎవరైనా పడిపోవడం, అన్నీ ఆ ఇరవై నిమిషాల్లోనే. ఇక ఒక్కరే ఉన్నచోట ఆ పని జరగదు, జరిగినట్టు పుస్తకంలో సంతకాలు మాత్రం పడతాయి. ఆశ్రమంలో ఉన్నవారి సంఖ్య అడిగి మీరే ఈ లెక్క వేసుకోండి.

ఏదో ఒక గదిలో అనుమతి తీసుకుని పిలుపు గంట నొక్కి, గడియారం చూడండి. గంట మంచం మీంచి అందే దూరంలో ఉందా, తీగ ఎవరైనా చుట్టి పైకి కట్టేశారా అనేది కూడా గమనించండి. రాత్రిపూట తరచూ మోగే గంటల్ని "మూగబోయించడానికి" ఇలా చేయడం చూస్తుంటాం. సిబ్బందిలో ఇద్దరు ముగ్గురిని విడిగా పలకరించి ఎన్నాళ్లుగా చేస్తున్నారో అడగండి. అందరూ మూడు నెలల లోపు వాళ్లే అయితే ఎవరికీ మీ అమ్మగారి అలవాట్లు తెలిసే అవకాశం ఉండదు.

స్నానాల గది: నీళ్లు, కడ్డీలు, మంచం ఎత్తు

ఇక్కడ తొందరపడకండి. పెద్దవారికి ఘోరమైన ప్రమాదాలు జరిగే చోట్లలో ఇదొకటి.

వేడినీళ్ల కొళాయి పూర్తిగా తిప్పి, రెండు నిమిషాలు వదిలి, థర్మామీటరు పెట్టండి. స్నానానికి వచ్చే నీరు 44 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. 60 డిగ్రీల నీటికి సుమారు 5 సెకన్లలో ఒళ్లు లోతుగా కాలుతుంది. పెద్దవారి చర్మం పలచన, స్పర్శ మందం, కాలుతోందని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకునేలోపే గాయమైపోతుంది.

దీనికి చాలాచోట్ల కనిపించే తప్పు విరుగుడు, వేడినీళ్ల ట్యాంకు వేడినే 45 డిగ్రీలకి తగ్గించేయడం. అప్పుడు మరో ప్రమాదం తలెత్తుతుంది. లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీటిలో పెరుగుతుంది. షవరు తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణాంతకమైన న్యుమోనియా తెస్తుంది, వయసు మళ్లినవారికి మరీ ప్రమాదం. కాబట్టి ట్యాంకులో నీరు 60 డిగ్రీలకి తగ్గకుండా ఉండాలి, కొళాయి దగ్గర మాత్రం వేడినీ చన్నీటినీ కలిపి 44 లోపు ఇచ్చే థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు ఉండాలి. చన్నీరు 20 డిగ్రీల లోపు ఉంచడమే లక్ష్యం. ఖాళీ గదుల్లో వాడని కొళాయిలు, షవర్లు వారానికోసారి కొన్ని నిమిషాలు పారించాలి. అది రాసిన పుస్తకం ఉందేమో అడగండి. అడిగినప్పుడు వాళ్లకి ప్రశ్నే అర్థం కాకపోతే నీటి విషయం ఎవరూ పట్టించుకోవడం లేదన్నమాట. వాల్వు ఉన్నా సరే, ప్రతి స్నానానికి ముందూ నీటి వేడి థర్మామీటరుతో చూడాలి. వాల్వులూ చెడిపోతాయి.

కమోడు పక్కన, షవరు దగ్గర ఉన్న కడ్డీని గట్టిగా లాగి చూడండి. కదిలితే, లేదా అది తువ్వాలు వేసుకునే కమ్మీ అయితే, పడబోయే మనిషి బరువు అది మోయదు. గచ్చు తడిగా ఉన్నప్పుడు జారుతుందా అన్నది మీ పాదంతోనే తెలుస్తుంది. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా బయటినుంచి ఊడదీసే వీలుండాలి. లోపల పడిన మనిషి తలుపుకి అడ్డంగా ఉంటే తోసుకుని వెళ్లలేరు.

మంచం అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్లు లంబకోణంలో ఉండాలి. చాలామందికి ఇది 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా సన్నని వెలుతురు ఉండాలి.

మంచానికి పక్క కమ్మీలు పెడితే పడరు అనుకోవడం సహజం. మతిమరుపుతో గాబరాపడే మనిషి వాటిని ఎక్కి దాటబోయి ఇంకా ఎత్తునుంచి పడతారు. కమ్మీల మధ్య, పరుపుకీ కమ్మీకీ మధ్య తల ఇరుక్కుని చనిపోయినవారూ ఉన్నారు. ఆ సందు 12 సెంటీమీటర్ల లోపే ఉండాలని భద్రతా మార్గదర్శకాలు చెబుతాయి. కమ్మీలు ఎవరికి, ఎందుకు అన్నది ఒక్కొక్కరికీ విడిగా నిర్ణయించి రాయాలి. అలాంటివారికి నేలకి దగ్గరగా దిగే మంచం, పక్కన మెత్తటి చాప మేలు.

చివరగా ప్రమాదాల పుస్తకం అడగండి. ఏడాదిలో ఒక్కరూ పడలేదని రాసుంటే సంతోషించకండి. ముప్పై నలభై మంది వృద్ధులున్న చోట అలా జరగడం అరుదు, రాయడం లేదన్నదే ఎక్కువ సంభవం. మంచి పుస్తకంలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ పడ్డారు, దాని తర్వాత ఏం మార్చారు అన్నది కనిపిస్తుంది. కూర్చున్న మనిషి లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై రక్తపోటు 20 పాయింట్లు లేదా కింది రక్తపోటు 10 పాయింట్లు పడిపోతే ఆ తలతిరుగుడే పడడానికి కారణం కావచ్చు. పడినవారికి ఈ పరీక్ష చేస్తారా అని అడగండి. రక్తం పలచబడే మందు వాడేవారికి తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి పంపాలి.

మందుల వేళ ఒకసారి నిలబడి చూడండి

మందులిచ్చే సమయానికి వెళ్లి, మనిషి పేరు, మందు, మోతాదు, వేళ, ఇచ్చే దారి (నోటితోనా, ఇంజెక్షనా), ఈ ఐదూ చూసుకుని ఇస్తున్నారా గమనించండి. మింగడం చూశాకే చార్టులో సంతకం పెట్టాలి. పొద్దున్నే అందరి సంతకాలూ ఒకేసారి పెట్టేసి తర్వాత పంచడం తరచూ జరిగే తప్పు. చిన్న కప్పుల్లో ముందే వేసి, పేర్లు లేకుండా ట్రేలో పెట్టుకుని తిరగడం దానికి తోడు. కప్పు మారితే షుగరు లేనివారికి షుగరు మాత్ర వెళ్తుంది.

మింగలేని వారికి మాత్రలు పొడిచేసి ఇస్తున్నారా అడగండి. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రని పొడిచేస్తే రోజంతటి మోతాదు ఒక్కసారిగా ఒంట్లోకి చేరుతుంది. ఏది పొడి చేయొచ్చో డాక్టరో ఫార్మసిస్టో రాసివ్వాలి. తెరవని ఇన్సులిన్ ఉంచే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజూ రాసిన పట్టిక తలుపు మీద ఉండాలి. తెరిచాక చాలా రకాల ఇన్సులిన్ 28 రోజులకి మించి వాడకూడదు, అందుకే సీసా మీద తెరిచిన తేదీ రాసుందా చూడండి. పార్కిన్సన్ ఉన్నవారి లెవోడోపా మందు గంట ఆలస్యమైతే మనిషి బిగుసుకుపోతారు. "అందరికీ ఎనిమిదింటికే ఇస్తాం" అన్న జవాబు వారికి పనికిరాదు.

ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం. మతిమరుపు జబ్బు ఉన్నవారిని "శాంతంగా" ఉంచడానికి యాంటీసైకోటిక్ మందులు వాడటం చాలాచోట్ల అలవాటైపోయింది. ఈ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లో కొత్త తరం మందుల గురించి, 2008లో పాత తరం వాటి గురించి కూడా హెచ్చరించింది. ఎంతమందికి ఇస్తున్నారు, ఎన్నాళ్లకోసారి తగ్గించి చూస్తారు అని సూటిగా అడగండి. మధ్యాహ్నం మూడింటికి హాలులో అందరూ తలలు వాల్చేసి కూర్చున్నారంటే ఆ ప్రశాంతతని అనుమానించండి.

భోజనం, మింగడం, బరువు

భోజనం వేళ కూర్చుని చూడండి. తినిపించే మనిషి కూర్చున్నారా, నిలబడి ముగ్గురికి వంతులవారీగా పెడుతున్నారా? తినేవారు నిటారుగా కూర్చోవాలి, తిన్నాక కనీసం అరగంట అలాగే ఉండాలి. మింగాక గొంతు తడిగా గరగరమనడం, దగ్గు, బుగ్గలో ముద్ద ఉండిపోవడం, ఇవి ఆహారం ఊపిరితిత్తుల దారి పడుతోందనడానికి గుర్తులు. అలాంటివారికి ఏ చిక్కదనం ఇవ్వాలో నిపుణులు తేల్చాలి. దానికి ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలమానం ఉంది, 0 నుంచి 7 వరకు స్థాయిలు. వంటవాళ్లకి ఎవరిది ఏ స్థాయో తెలిసి ఉండాలి. "కొంచెం జావగా చేస్తాం" అంటే రోజుకో రకంగా ఉంటుంది. నోటి శుభ్రతని కూడా ఇందులోనే లెక్కేయాలి. కట్టుడు పళ్లు రాత్రి తీసి కడగకపోతే నోట్లో పెరిగిన సూక్ష్మజీవులే లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి.

బరువు నెలకోసారైనా తూచి రాయాలి. నెలలో 5 శాతం, లేదా ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే డాక్టరుకి చూపించాలి. 50 కిలోల మనిషి నెలలో 2.5 కిలోలు తగ్గితే కంటికి కనిపించదు, పుస్తకంలోనే కనిపిస్తుంది. గుండె, కిడ్నీ జబ్బులకి డాక్టరు నీళ్లు తగ్గించమని చెప్పనివారికి రోజుకి సుమారు లీటరున్నర ద్రవాలు అందాలి. మంచం పక్కన నిండు గ్లాసు ఉందంటే తాగారని కాదు, అందక మిగిలిపోయిందేమో చూడండి.

వంటగదిలో ఎక్కువసేపు అక్కర్లేదు. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు, వడ్డించే వేడి పదార్థం 60కి పైన, వండినది బయట రెండు గంటలకి మించకుండా.

చర్మం

మంచాన ఉన్నవారికి పడకపుండ్లు నడుము కింద, పిరుదుల ఎముకల దగ్గర, మడమల మీద వస్తాయి. ఒకేచోట ఒత్తిడి పడి రక్తం అందక లోపలి కండ ముందు చస్తుంది, పైన చిన్న ఎర్రమచ్చ కనిపించేసరికి లోపల పెద్ద నష్టం జరిగిపోయి ఉండొచ్చు. ఎర్రబడ్డ చోట వేలితో కొన్ని సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా రక్తం ఆడుతోంది. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నలుపు ఒంటిరంగులో ఈ ఎరుపు తెలియదు, అందుకే చుట్టుపక్కలతో పోల్చి వేడిగా, గట్టిగా, లేదా మెత్తగా ఉందా అని తడిమి చూడాలి.

తిప్పే వేళలు మనిషిని బట్టి, పరుపుని బట్టి ఉంటాయి. మామూలు పరుపు మీద రెండు గంటలకోసారి, ఒత్తిడి తగ్గించే మంచి ఫోమ్ పరుపు మీద కొందరికి నాలుగు గంటల దాకా సాగొచ్చు. పూర్తిగా పక్కకి కాకుండా 30 డిగ్రీల వాలుగా దిండు పెట్టాలి, పిక్కల కింద దిండుతో మడమలు గాల్లో ఉండాలి. గుండ్రటి రింగు దిండ్లు వాడొద్దు, అవి చుట్టూ ఒత్తి మధ్యలోకి రక్తం రాకుండా చేస్తాయి. ఎర్రబడ్డ చోట రుద్దడం కూడా హానే. "ఇప్పుడు ఎంతమందికి పుండ్లున్నాయి, అందులో ఇక్కడికొచ్చాక వచ్చినవి ఎన్ని?" అని అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి.

మూత్రపు గొట్టం ఉన్నవారి సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకి మాత్రం తగలకూడదు.

అంటువ్యాధులు, మంటలు

ఒకరి నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్లేటప్పుడు చేతులు శుభ్రం చేసుకుంటున్నారా చూడండి. శానిటైజరుతో 20-30 సెకన్లు, సబ్బూ నీళ్లతో 40-60 సెకన్లు. గ్లవ్స్ వేసుకుని నలుగురికి డైపర్లు మార్చడం శుభ్రత కాదు. వాంతులు విరేచనాలు వ్యాపించినప్పుడు శానిటైజరు చాలదు, సబ్బుతోనే కడగాలి. ఆ లక్షణాలున్న సిబ్బంది అవి ఆగాక 48 గంటలు పనికి రాకూడదు. అలా ఆగినవాళ్లకి జీతం కోస్తారా అని కూడా అడగండి. కోస్తే జబ్బుతోనే వస్తారు.

మంటల విషయంలో, మంటలార్పే సిలిండరు చూసి తృప్తిపడొద్దు. రాత్రి ఉండే సిబ్బంది సంఖ్యతో చివరి డ్రిల్లు (మంట వచ్చినట్టు అనుకుని అందరినీ తరలించే అభ్యాసం) ఎప్పుడు చేశారు, ఎంతసేపు పట్టింది అని అడగండి. నడవలేనివారిని మెట్ల మీదుగా దింపడం ఇద్దరు మనుషులతో అయ్యే పని కాదు. అందుకే మంట ఆపే తలుపులతో భవనాన్ని భాగాలుగా విడదీసి, ముందు పక్క భాగంలోకి జరపడం సరైన పద్ధతి. ఆ తలుపులు గాలి కోసం ఇటుక అడ్డుపెట్టి తెరిచి ఉంచితే పద్ధతి మొత్తం వృథా. బయటికి వెళ్లే దారికి తాళం ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడే అడిగి, ఇప్పుడే తెరిపించండి. పారాఫిన్ ఉన్న చర్మపు క్రీములు పీల్చుకున్న దుప్పట్లు, బట్టలు సులభంగా అంటుకుంటాయి. ఆక్సిజన్ పెట్టిన గదిలో నిప్పు వెలిగించకూడదన్న బోర్డు ఉండాలి.

మర్యాద

1991లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వృద్ధుల సూత్రాల్లో, సంరక్షణ కేంద్రంలో ఉన్నా సరే వారి గౌరవం, నమ్మకాలు, ఏకాంతం, తమ గురించి తాము నిర్ణయించుకునే హక్కు చెక్కుచెదరకూడదని ఉంది. ఇది ఎలా తెలుస్తుందంటే, గదిలోకి వెళ్లే ముందు తలుపు తడతారా? స్నానం వేళ ఒంటి మీద గుడ్డ కప్పుతారా? ఏడింటికి నిద్ర రానివారిని బలవంతంగా పడుకోబెడతారా? కుర్చీకి కట్టిన గుడ్డ, లేవలేని లోతైన సోఫా, దూరంగా పెట్టేసిన వాకరు, ఇవన్నీ బంధించడమే. బంధిస్తే కండ కరిగి, పుండ్లు పడి, గాబరా పెరుగుతుంది.

ఒప్పందం, ఆ తర్వాత

నెల రుసుములో ఏం వస్తుంది, దేనికి విడిగా కట్టాలి (డైపర్లు, డాక్టరు, అంబులెన్సు, ప్రత్యేక ఆయా), ఆసుపత్రిలో ఉన్న రోజులకి లెక్క ఎలా, ఏ పరిస్థితిలో ఖాళీ చేయమంటారు, ఎన్ని రోజుల ముందు చెబుతారు. ఇవి రాతలో లేకపోతే సంతకం పెట్టొద్దు. చేర్చుకున్న రోజే ఒంటి మీద ఉన్న గాయాలు, మచ్చలు ఇద్దరి సంతకంతో రాసుకోండి. బరువు కూడా.

మొదటి ఆరు వారాలు వేళలు మార్చి మార్చి వెళ్లండి. ప్రతిసారీ మడమలు, పెదవుల తడి, గోళ్లు, కళ్లద్దాలు, చెవి యంత్రం బ్యాటరీ చూడండి. హఠాత్తుగా మనిషి పొంతన లేకుండా మాట్లాడుతుంటే "వయసు కదా" అన్న మాట ఒప్పుకోకండి. ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, మూత్రం నిలిచిపోవడం, కొత్త మందు, ఈ నాలుగూ ఆ రోజే చూడాలి. చేతుల మీద వేళ్ల గుర్తుల్లాంటి కమిలిన మచ్చలున్నా, ఫలానా మనిషి దగ్గరికి రాగానే మీ అమ్మగారు ముడుచుకుపోతున్నా, ఆవిడతో ఒంటరిగా మాట్లాడండి.

ఫిర్యాదు నోటితో కాకుండా తేదీ, వేళ, చూసిన విషయం రాసి ఇవ్వండి. ఫలానా రోజులోపు జవాబు కావాలని అందులోనే అడగండి, అందినట్టు సంతకం తీసుకుని ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. పుండు గానీ, కారణం చెప్పలేని గాయం గానీ అయితే పెద్దవారి అనుమతితో పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, బయటి డాక్టరుకి అదే రోజు చూపించండి. గడువులోగా జవాబు రాకపోతే అదే కాగితం నకలుని లైసెన్సు ఇచ్చే అధికారులకి పంపండి. కొట్టడం, తిట్టడం, డబ్బు తీసుకోవడం లాంటి అనుమానమైతే ఆ గడువు కోసం ఆగొద్దు, ముందు పెద్దవారిని ఆ మనిషికి దూరంగా ఉంచే ఏర్పాటు చేయించి, అదే రోజు అధికారులకి తెలపండి.